ఇరవయ్యో మనిషి

దేవదానం అయ్యగారి గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అందదు. కుందలహళ్ళి తెలుగు చర్చిలో ఆదివారం పూట ఆయన "ప్రియులారా" అని పిలిస్తే చెరువు అవతల మేస్తున్న ఎనుములు తలెత్తి చూసేవి. ఒకసారి పాటకు శ్రుతి పెంచితే ఆనేకల్ సంతలో వంకాయలమ్మే ముసలావిడ తక్కెడ కింద పెట్టి దండం పెట్టిందని మా బావమరిది చెప్పాడు. బావమరిది అబద్ధాలకోరు, ఒప్పుకుంటాను. కానీ ఆ ముసలావిడ నాకు వరసకు అత్త, ఆమె అబద్ధమాడదు.

నేను క్రైస్తవుణ్ణి కాను. నుదుట మూడు వేళ్ళ విభూతి పెట్టుకుని ఆ చర్చి గేటు దగ్గర కాపలా కాసేవాణ్ణి. చర్చీ, దాని వెనక రేకుల కప్పు కింద ఇంగ్లీషు మీడియం బడీ, రెండూ ఒకే కాంపౌండులో, ఒకే కమిటీ కింద ఉండేవి. మొదటి రోజు నా విభూతి చూసి కమిటీవాళ్ళు గొణిగితే అయ్యగారు నవ్వారు. "గేటు కాయల్లంటే నిద్రపోకూడదప్పా. విభూతి నిద్ర తెప్పిస్తాదా ఏమి?" అన్నారు. తెప్పించదు. నిద్ర నా సొంత ప్రతిభ.

అయ్యగారికి ఎన్ని ప్రసంగాలు వచ్చినా జనం ఎదురుచూసేది ఒక్కదానికే. అది జీతగాడి ప్రసంగం. మంద మీదికి తోడేలు వస్తే జీతానికి కాసేవాడు కర్ర పారేసి పరుగు తీస్తాడు, నిజమైన కాపరి ప్రాణానికి తెగించి నిలబడతాడు. ఆ పరుగును అయ్యగారు వర్ణిస్తుంటే ముందు వరసలో పిల్లలు చెప్పులు వెతుక్కునేవాళ్ళు. చివర్లో ఆ ఆరడుగుల మనిషి ఇంకో అడుగు పెరిగి, ఛాతీ మీద అరచెయ్యి వేసుకుని, "నేను జీతగాణ్ణి కాను" అనేవారు. పైన రేకులు మోగేవి. కడప నుంచీ అనంతపురం నుంచీ వచ్చి కట్టుబడి పనులు చేసుకునే ఆ జనం వారమంతా ఎవరో ఒకరికి జీతగాళ్ళే. అయినా ఆ మాటకు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తమకు లేని గౌరవం తమలో ఒక్క మనిషికైనా ఉందన్న సంతోషం కాబోలు.

ఆ మాటకు తగ్గట్టే ఒక పద్ధతి ఏర్పడిపోయింది. నెల మొదటి తారీఖున మేమంతా ఆఫీసు గది ముందు వరసగా నిలబడి, సంతకమో వేలిముద్రో పెట్టి జీతం తీసుకునేవాళ్ళం. అయ్యగారు మాత్రం ఆ వరసలోకి రాకూడదు. ఆయన ముందు జీతమన్న మాటే పలకకూడదు. కమిటీ సెక్రటరీ బాలరాజుగారు ఒక ఇత్తడి పళ్ళెంలో కవరు ఉంచి, దాని మీద లేసు అల్లిన తెల్లగుడ్డ కప్పి, పైన ఒక బంతిపువ్వు పెట్టి, పెళ్ళికూతురికి సారె మోసుకెళ్ళినట్టు అయ్యగారి ఇంటికి తీసుకెళ్ళేవాడు. అయ్యగారు ప్రార్థన చేసి పువ్వు తీసుకునేవారు. కవరు దానంతట అదే నడిచి బల్ల సొరుగులోకి వెళ్ళేది. ఆయన చేత్తో ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

బాలరాజుగారిని దుర్మార్గుడనుకోకండి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. చర్చి సొమ్ములో ఒక్క రూపాయి ఇంటికి తీసుకుపోలేదు. ఆయనకున్నది ఒకటే పిచ్చి, గంట గోపురం. చుట్టూ కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వాటిని తలదన్నే గోపురం కట్టి, ఊరంతా వినపడే గంట వేలాడదీయాలని ఆయన ఆశ. మిగిలిన ప్రతి పైసా ఆ పునాదిలోకి పోయేది. మిగలాలంటే ఖర్చు తగ్గాలి కదా. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం పంతొమ్మిది.

ఇరవై మంది పనిచేసే చోట ప్రావిడెంట్ ఫండు చట్టం వర్తిస్తుంది. జీతంలో కొంత మన దగ్గర పట్టుకుని, అంతకంత కమిటీ వేసి, ముసలితనానికి ఇంత పింఛను దారి చూపించాలి. పంతొమ్మిది మందైతే ఆ గొడవే లేదు. అందుకని ఆ కాంపౌండులో ఏళ్ళు గడిచినా మేం పంతొమ్మిది మందిమే. కొత్త టీచరమ్మ వస్తే పాత తోటమాలి పోయాడు. వ్యాను డ్రైవరు మహేశ్ వస్తే వంటామె పోయింది. పిల్లలాడుకునే కుర్చీలాటే అది. కాకపోతే పాట ఆగగానే కుర్చీ లాగేది బాలరాజుగారు.

తొంభై తొమ్మిదిలో బడికి కంప్యూటర్ వచ్చింది. అది లేకపోతే పిల్లల్ని పక్క బడికి మారుస్తామని తల్లిదండ్రులు పట్టుబట్టారు. దానికి పాఠం చెప్పడానికి శిరీష అనే అమ్మాయిని మాట్లాడుకున్నారు. జీతాల రోజు దాటాక చేరుతుంది. అంటే ఆ లోపల ఒకరు పోవాలి. ఈసారి వంతు అంజినమ్మది.

అంజినమ్మ ఆయా. హిందూపురం వైపు మనిషి. ఆమె భర్త సెంట్రింగు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు. పిల్లల ముక్కులూ మూతులూ తుడవడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకోవడం ఆమె పని. మనిషి నా భుజం దాకా కూడా రాదు. కానీ ముందటేడు వానకు మోరీ పొంగి నీళ్ళు బడిలోకి వచ్చిన రోజు చూడాలి ఆమెను. నీళ్ళు నా మెడ దాకా వచ్చాయని ఊళ్ళో చెబుతుంటాను, మీరు మోకాళ్ళ దాకా అనుకోండి. కమిటీ పెద్దలు బల్లలెక్కి, బల్లల మీది నుంచి గోడెక్కి, గోడ మీది నుంచి ఇంటికి వెళ్ళారు. అంజినమ్మ మాత్రం చంకకొకరు, వీపునొకరు చొప్పున పిల్లల్ని మోస్తూ ఆ బురదనీళ్ళలో తిరుగుతూనే ఉంది. అయ్యగారు తన ఇంటి అరుగు మీద నిలబడి వాళ్ళను అందుకున్నారు.

ఆ అంజినమ్మ ఒక మధ్యాహ్నం గేటు దగ్గరికొచ్చింది.

"కృష్ణప్పన్నా, నన్ను పొమ్మంటాండారు."

"ఎవరు?"

"సెక్రటరీ సారు. కంప్యూటరొస్తాదంట, నేను పోవల్లంట."

"నువ్వే కంప్యూటర్ నేర్చుకో. పిల్లలకంటే అదే మేలు. దానికి చీమిడి కారదు."

"తమాషా చాలన్నా. ఈ పని పోతే ఇంట్లో ఆయప్పకు మాత్రలు యాడినుంచి తెచ్చేది? ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?"

నా తమాషా నాలుక మీదే ఎండిపోయింది. "అయ్యగారికి చెప్పుకో పా," అన్నాను.

విన్నవెంటనే అయ్యగారు ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసు గదికి నడిచారు. గేటును ఎవరూ ఎత్తుకుపోరన్న ధైర్యంతో నేనూ వెనకాలే వెళ్ళాను.

"బాలరాజూ, ఈయమ్మను ఉండనీ," అన్నారు అయ్యగారు.

"ఉంటే ఇరవై అవుతారు అయ్యగారూ. ఫండు, పింఛను, ఇన్‌స్పెక్టర్లు. గోపురం ఆడికే నిలిచిపోతాది."

"ఇరవై ఎప్పుడో అయినాము కదప్పా. పంతొమ్మిది మంది వీళ్ళు, నేనొకణ్ణి."

బాలరాజుగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మిమ్మల్ని ఎట్లా కలిపేది? మీరు జీతగాడు కాదు కదా."

ఎత్తిపొడుపుగా అని ఉంటే అయ్యగారు తట్టుకునేవారే. ఆయన ఎత్తిపొడవలేదు. ముప్పై ఏళ్ళుగా ముందు వరసలో కూర్చుని ఆ మాట విని, నమ్మి, కళ్ళు తుడుచుకున్న మనిషి. ఆ నమ్మకంతోనే అన్నాడు. అయ్యగారి అరచెయ్యి ఛాతీ దాకా లేచి కిందికి దిగింది.

బాలరాజుగారు గొంతు తగ్గించాడు. "ఇంగోటి కూడా ఉండాది. పనిచేసేవాళ్ళు యాభై ఎనిమిదికి దిగిపోవల్లని మన కమిటీ రూలు. దేవుడి సేవకులకు వయసేమని మీ ఒక్కరికీ ఆ రూలు పెట్టలేదు. మీకు మొన్ననే అరవై నిండె. మిమ్మల్ని లెక్కలో కలిపితే ప్రసంగపీఠం, ఇల్లు, అన్నీ వదలాల. ఒక ఆయా కోసరం అంత గలాటా దేనికి? సుమ్నే, ఊరికే ఉండండి."

అయ్యగారు అంజినమ్మ వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం ఆయన ప్రసంగం రెండో వరస దాటి వినపడలేదు. జలుబు అనుకున్నారు జనం. చెరువు అవతల ఎనుములు తల దించుకుని మేస్తూనే ఉన్నాయి, నేను గేటు దగ్గర నుంచి చూశాను.

జీతాల రోజు వచ్చింది. అంజినమ్మకు అదే ఆఖరు జీతం. మేం వరస కట్టే వేళకు స్కూటీ మీద ఒకావిడ వచ్చి గేటు ముందు ఆగింది. బక్కపలచని మనిషి, భుజాన గుడ్డసంచి.

"నిద్ర లేపినానా అప్పా?" అంది.

"కండ్లు మూసుకుని కాపలా కాస్తుండానమ్మా," అన్నాను.

"నా పేరు ఛాయాదేవి. ప్రావిడెంట్ ఫండు ఇన్‌స్పెక్టర్ని. ఈ రోడ్డులో బడులన్నీ చూసుకుంటా వస్తాండా."

కోలారు వైపు తెలుగు. ఆమెను ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాను. బాలరాజుగారు ఏమాత్రం కంగారుపడలేదు. ఎందుకు పడతాడు, ఇలాంటి రోజు కోసమే కదా ఇన్నాళ్ళు కుర్చీలాట ఆడించాడు. ఎళనీరు బోండాం కొట్టించి చేతికిచ్చాడు. ఆమె తాగి, పెన్సిలు చివరతో గాలిలో మమ్మల్ని ఒక్కొక్కరినీ పొడుస్తూ లెక్కపెట్టింది. టీచర్లు, మహేశ్, నేను, అందరికంటే చివర అంజినమ్మ.

"పంతొమ్మిదే ఉండారు. నెలనెలా ఇక్కడ డబ్బు తీసుకునేవాళ్ళు ఇంకెవరన్నా ఉండారా సార్?"

"లేరు మేడం."

బల్ల మీద ఇత్తడి పళ్ళెం సిద్ధంగా ఉంది. ఆమె దాని వంక చూసింది. "అదేంది?"

"అది జీతం కాదు మేడం. కానుక. మా అయ్యగారికి."

ఆమె తల ఊపి పెన్సిలును సంచిలో వేసుకోబోయింది.

అప్పుడు అయ్యగారి ఇంటి తలుపు తెరుచుకుంది. ఆదివారాలు మాత్రమే తొడిగే తెల్లని నిలువుటంగీ తొడుక్కుని ఆయన మెట్లు దిగారు. వాకిట్లో కోళ్ళు రెండుగా చీలి దారిచ్చాయి. తరగతి గదుల్లో గోల ఆగిపోయి కిటికీల నిండా పిల్లల ముఖాలు చేరాయి. ఆయన ఆఫీసు గది వైపు రాలేదు. వరస చివరికి నడిచి, అంజినమ్మ వెనక నిలబడ్డారు.

అంజినమ్మ బెదిరిపోయి పక్కకు జరిగింది. "ముందుకు పోండయ్యా."

"వద్దులేమ్మా. నీ తర్వాతే నేను."

వరస కదిలింది. ఒకరు సంతకం పెట్టి తప్పుకుంటే అందరం ఒక అడుగు ముందుకు. అయ్యగారు కూడా ఒక అడుగు. మళ్ళీ ఆగడం. మళ్ళీ ఒక అడుగు. మహేశ్ తన జీతం లెక్కపెట్టుకోవడం మరిచిపోయి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాంపౌండులో అప్పటిదాకా అంతకు మించిన వింత జరిగి ఉండదు. నేను జీవితంలో చాలా చూశానని చెబుతుంటాను. రెండు తలల పాము చూశాననీ, వాన కురిపించిన సాధువును చూశాననీ మా ఊళ్ళో ప్రమాణం చేసి చెప్పాను. వాటిలో ఏదీ చూడలేదు. ఇది చూశాను. ఆ పెద్ద మనిషి, ఎవరి ముందూ తలొంచని మనిషి, తలుపు ఎత్తు చాలక వంగి, మాలో ఒకడిగా ఆ గదిలోకి వచ్చాడు.

అంజినమ్మ వేలిముద్ర వేసి పక్కకు తప్పుకుంది. అయ్యగారు బల్ల ముందు నిలబడ్డారు.

"నా పేరు దేవదానం. ఇరవయ్యో మనిషిని నేనమ్మా."

"అయ్యగారూ," అని బాలరాజుగారు కుర్చీలోంచి సగం లేచాడు.

ఛాయాదేవి ఆయనను చేత్తోనే ఆపింది. "మీరు పాస్టరు కదా సార్. సాములు, పూజార్లు, ఫాదర్లు అందరూ మాది దేవుడి పని, మమ్మల్ని కలపొద్దు అనేవాళ్ళే. మీరేమో కలపమంటాండారు. ఆలోచించుకునే చెప్తుండారా?"

"పని దేవుడిదేనమ్మా. జీతం వీళ్ళది."

"బడిలో ఏం చేస్తారు?"

"పొద్దున ప్రార్థన. శుక్రవారం నీతిపాఠం. లెక్కల టీచరు రాకపోతే లెక్కలు."

"అందుకే పిలకాయలకు లెక్కలు రావు," అన్నాను నేను వెనక నుంచి. ఎవరూ నవ్వలేదు.

"నెలనెలా తీసుకుంటారా?"

అయ్యగారు పళ్ళెం మీది లేసుగుడ్డ తీసి మడిచి బల్ల మీద పెట్టారు. బంతిపువ్వు అంజినమ్మ చేతికిచ్చారు. కవరును అందరూ చూస్తుండగా చేత్తో పట్టుకున్నారు.

"ముప్పై ఏండ్లుగా తీసుకుంటాండా. ముప్పై ఏండ్లుగా జీతగాడు పారిపోతాడని చెప్తా వచ్చినా. నీళ్ళొచ్చిన దినం పారిపోయినోళ్ళు ఎవరూ ఈ వరసలో లేరు. ఈయమ్మ ఉండాది. నేను అరుగు మీద నిలబడి అందుకున్నా, అంతే. రాసుకోమ్మా. దేవదానం, జీతగాడు."

ఆయన గట్టిగా అనలేదు. రేకులు మోగలేదు. పక్కింట్లో రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు వినపడేంత నెమ్మదిగా అన్నారు. ఆ మాటకు ముందు ఆ గదిలో ఉన్నది ఒక పెద్ద మనిషి. తర్వాత ఉన్నది ఇంకెంత పెద్ద మనిషో కొలవడానికి నా దగ్గర మాట లేదు, నా దగ్గరే లేదంటే చూసుకోండి.

బాలరాజుగారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "రూలు మీకు తెలుసు కదా అయ్యగారూ."

"తెలుసు బాలరాజూ. రేపే రాజీనామా రాసిస్తా."

బాలరాజుగారు ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగాడు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు అడిగాడు. "ఆయన రేపు దిగిపోతే మళ్ళా పంతొమ్మిదే కదా మేడం?"

"కాదు సార్. ఒకసారి ఇరవై అయినారంటే, ఆమీట పది మందే మిగిలినా ఈ చట్టం వదలదు. ఉడుంపట్టు."

"అట్లయితే ఈయమ్మను తీసేసీ లాభం లేదు," అన్నాడు బాలరాజుగారు తనలో తను లెక్క వేసుకుంటూ.

"లేదు సార్."

అంజినమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వైపు చూసింది. "రేపు పనిలోకి రా," అన్నాను. ఆమె బంతిపువ్వును కొంగున ముడివేసుకుని, ఏడుస్తున్న ఒక పిల్లవాడి గొంతు వినపడితే అటు పరుగెత్తింది.

ఛాయాదేవి రాయడం ముగించి అయ్యగారి వైపు చూసింది. "ఒక సంగతి చెప్పల్ల సార్. మీకు యాభై ఎనిమిది దాటిపోయింది. పింఛను వీళ్ళకు వస్తాది గానీ మీకు రాదు."

"నన్ను లెక్కలో వేసుకున్నావు కదమ్మా. చాలు."

ఆమె సంతకానికి కలం ఇవ్వడానికి కుర్చీలోంచి లేచి నిలబడింది. సర్కారు మనిషి పనివాడికి కలమిస్తూ లేచి నిలబడడం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. లేవాలని ఆమె అనుకున్నట్టు కూడా అనిపించలేదు. కాళ్ళే లేపాయి.

అయ్యగారు అన్న మాట ప్రకారం దిగిపోయారు. చర్చి ఇల్లు ఖాళీ చేసి, చెరువు పక్క ఒక చిన్న హోటలు వెనక రేకుల గది తీసుకున్నారు. కొత్త పాస్టరుగారు వచ్చారు. మొదటి తారీఖున మాతోపాటు వరసలో నిలబడి, ఎండగా ఉందని గొడుగు వేసుకున్నారు. ఇత్తడి పళ్ళెంలో ఇప్పుడు పిల్లల పుట్టినరోజు చాక్లెట్లు పంచుతారు. వెనకటి ఏళ్ళకు కూడా కమిటీ చేత ఫండు కట్టించారు. దాంతో గోపురం రెండు నిలువుల ఎత్తులో ఆగిపోయింది. బాలరాజుగారు కొన్నాళ్ళు దాని వంక చూడలేదు. తర్వాత ఒక రోజు నిచ్చెన వేయించుకుని, ఆ మొండిగోడకే దూలం వేసి గంట వేలాడదీయించాడు. ఎంత దూరం వినపడితే అంత దూరమే వినపడనీ అన్నాడు. అంజినమ్మ మోకాళ్ళు మొరాయించేదాకా పనిచేసి, ఇప్పుడు పింఛను తెచ్చుకుంటోంది. ఆయప్పకు మాత్రలు ఆగలేదు.

అయ్యగారు మాత్రం ఊరుకోలేదు. కూలీల షెడ్లలో ఎవరికి జ్వరమొచ్చినా, ఆస్పత్రిలో ఎవరు పడినా, పోయినవాళ్ళను మన్ను చేసే చోటైనా, పిలవకముందే ఆయన ఉండేవారు. జీతం లేదు, సెలవు లేదు. బస్సు దొరకని చోట్లకు నా సైకిలు మీద తీసుకెళ్ళేవాణ్ణి. ఆ బరువుకు నా సైకిలు ముందు చక్రం గాలిలో లేచేది. ఇది అబద్ధం కాదు.

ఒక సాయంత్రం ఒక మేస్త్రీ తల్లి అంత్యక్రియలు చేయించి, సన్నటి తుంపరలో తిరిగి వస్తున్నాం. చెరువు గట్టు ఎక్కుతూ నేను రొప్పుతున్నాను.

"అయ్యా, ఒక మాట. ఇప్పుడు మీకు జీతం ఇచ్చేవాడు లేడు. ఆ ప్రసంగం ఇప్పుడు చెప్పుకోవచ్చు కదా."

"ఇప్పుడు చెప్పేదానికి పీఠం యాడుండాదప్పా? వినేవాళ్ళెవరు?"

"చెరువు అవతల ఎనుములు వినేవి."

"ఎనుములు ఎప్పుడో పోయె కృష్ణప్పా. ఆ మేత భూమిలో ఆఫీసు కట్టినారు కదా."

అని నవ్వారు. పాత నవ్వు. ముప్పై ఏళ్ళు రేకుల్ని మోగించిన గొంతు అందులో మొత్తం ఉంది. సైకిలు నా చేతుల్లో వణికింది. చెరువు మీది తుంపర ఒక్క క్షణం నిలిచినట్టనిపించింది. అవతల అద్దాల మేడలో, నాలుగో అంతస్తులో, కంప్యూటర్ ముందు తల దించుకుని కూర్చున్న ఒక కుర్రవాడు తలెత్తి చెరువు వైపు చూశాడు.